పిన్ని చూడని లండన్

మా పిన్ని లండన్ వెళ్లేనాటికి నేను, కాస్త ఆలస్యంగానే, టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. ఆమె మా అమ్మకు ఆఖరి చెల్లెలు. తెనాలిలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరి, కాన్పుల వార్డులో పన్నెండేళ్లు పనిచేసి, ముప్పై ఎనిమిదో ఏట విమానం ఎక్కింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక లేక" అనేది. నవ్వకుండా అనేది కాబట్టి రెండోసారి అడిగేవాళ్లు ఉండేవాళ్లు కాదు.

రెండు మూడేళ్లకోసారి క్రిస్మస్‌కు వచ్చేది. చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, తెనాలి ఇంటి వరండాలో మా అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని లండన్ కబుర్లు చెప్పేది. ఓడ వస్తే రెండుగా విడిపోయి పైకి లేచే బ్రిడ్జి గురించి, ముక్కు మీద ఈగ వాలినా కదలని రాజభవనం కాపలావాళ్ల గురించి, రోజూ తెల్లారి తన గదిలోకి వినిపించే పెద్ద గడియారం గంట గురించి. మధ్య మధ్య పోస్టుకార్డులు చూపించేది. నేను బాపట్లలో హైస్కూలు తెలుగు టీచరునయ్యాక, యాత్రల పాఠం వచ్చినప్పుడల్లా ఆ కబుర్లే పిల్లలకు చెప్పేదాన్ని. "ఆ గంట మోగితేనే మా పిన్ని నిద్ర లేస్తుంది" అంటే వెనక బెంచీవాళ్లు కూడా అల్లరి ఆపి వినేవాళ్లు.

రిటైరైన నాలుగేళ్లకు, పోయిన ఏడు వేసవి ముందు, పిన్ని ఫోన్ చేసింది.

"నువ్వూ అక్కా రండే. నాకు ఓపిక ఉండగానే రండి. ఊరంతా నేను దగ్గరుండి చూపిస్తా."

మా అక్కది రేపల్లె. బావగారికి పెనుమూడి వైపు మాగాణి ఉంది. ఆయన మోకాళ్లు మొరాయించాక ఆరేళ్లుగా వ్యవసాయం అక్కే చూస్తోంది. ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీది మనిషితో మాట్లాడటం అలవాటైన గొంతు ఆమెది. విమానంలో కూడా ఆ గొంతు తగ్గలేదు. మజ్జిగ ఉందా అని అక్క ఎయిర్ హోస్టెస్‌ను తెలుగులోనే అడిగింది. ఆ అమ్మాయి పెరుగు కప్పు తెచ్చిచ్చింది. "చూశావా, అర్థమయ్యేలా చెప్పాలంతే" అంది నాతో.

కాలవలకు నీళ్లు వదిలేలోపు తిరిగి రావాలన్నది అక్క పెట్టిన షరతు. అలా మే నెల మధ్యలో మూడు వారాల కోసం బయల్దేరాం.

పిన్ని ఇల్లు లండన్‌కు తూర్పున, ఒకదానికొకటి అంటుకున్న ఇటుక ఇళ్ల వరసలో ఉంది. పక్క వీధిలోనే మునక్కాయలు, గోంగూర దొరికే కొట్లు. అక్క ఆ కొట్లో నిలబడి తోటకూర కట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికోసమా ఇంత దూరం వచ్చింది?" అంది. మొదటి రెండు రోజులూ నిద్రలకు, వంటలకు, చుట్టాల కబుర్లకు సరిపోయాయి. మూడో రోజు పొద్దున్నే నేను లేచి కిటికీ తెరిచి నిలబడ్డాను.

"ఏంటే, చలిలో?" అంది పిన్ని కాఫీ ఇస్తూ.

"గంట కోసం పిన్నీ. ఏడవుతోందిగా."

పిన్ని కప్పు నా చేతిలో పెట్టి వంటగదిలోకి తిరిగింది. "ఇవాళ గాలి అటు కొడుతోందిలే" అంది అక్కణ్ణుంచే.

ఆ రోజే మా మొదటి ప్రయాణం. పిన్ని తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి స్టీలు డబ్బాలో సర్దింది. ఇస్త్రీ చేసిన ప్యాంటూ, కోటూ వేసుకుంది. మేమిద్దరం చీరల మీద స్వెట్టర్లు, కాళ్లకు బూట్లు. రాజభవనం చూపిస్తానంటూ పిన్ని ముందు నడిచింది. డ్యూటీకి వెళ్లే మనిషి నడకలా ఉంది, మేం వెనక పరుగెత్తాల్సి వచ్చింది.

రెండంతస్తుల ఎర్రబస్సు వచ్చింది. మెట్లెక్కి పైకి వెళ్లి, అన్నిటికన్నా ముందున్న సీట్లో, పెద్ద అద్దం ముందు కూర్చుంది అక్క. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా చెట్ల కొమ్మలు వచ్చి అద్దానికి కొట్టుకునేవి. అక్క ప్రతిసారీ తల పక్కకు వంచేది, తర్వాత తనే నవ్వేది. "డ్రైవరు కింద, మనం పైన. వాడికి కనపడనిది కూడా మనకి కనపడుతోంది!" అంది. చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. ఎవరో ఒక ముసలాయన అక్కను చూసి తనూ నవ్వాడు.

దిగమన్న చోట దిగాం. రాజభవనం లేదు. పెద్ద పెద్ద ఆఫీసు భవనాలు, గబగబా నడిచే మనుషులు. "ఇక్కడే, ఈ సందు చివర" అంది పిన్ని. సందు చివర ఇంకో సందు. మళ్లీ బస్సెక్కాం. మళ్లీ దిగాం. ఈసారి ఒక చర్చి, ఒక స్టేషను. పిన్ని ఫోన్ తీసి మ్యాపు చూసింది, ఫోన్ను అటు తిప్పింది, ఇటు తిప్పింది, తనే గుండ్రంగా తిరిగింది. "రోడ్లన్నీ మార్చేశారు" అంది. గంటన్నర నడిచాక ఒక పార్కు వచ్చింది. మధ్యలో పొడుగాటి చెరువు, గట్టున బెంచీలు. అక్క ఒక బెంచీ చూసి కూలబడి బూట్లు విప్పేసింది.

"పిన్నీ, నిజం చెప్పు. నువ్వు ఆ కోటకి ఆఖరిసారి ఎప్పుడు వచ్చావు?"

పిన్ని మా ఇద్దరి మధ్యా కూర్చుంది. పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత మీద వేలితో రాస్తూ ఉండిపోయింది.

"ఆఖరిసారి ఏంటే పెద్దమ్మాయ్! నేను ఒక్కసారి కూడా రాలేదు."

"కోటకా?"

"కోటకీ, బ్రిడ్జికీ, గడియారానికీ. దేనికీ వెళ్లలేదు."

నాకు మొదట అర్థం కాలేదు. ముప్పై రెండేళ్లు ఉన్న ఊరు. పిన్ని తల ఎత్తకుండానే చెప్పింది. వచ్చిన కొత్తలో రాత్రి డ్యూటీలు అడిగి మరీ చేసేదట. పొద్దున్న ఎనిమిదింటికి బస్సెక్కి, ఇంటికొచ్చి, కిటికీకి దుప్పటి కట్టి పడుకునేది. ఆదివారం చర్చి, చర్చి నుంచి వస్తూ కూరగాయలు. "సెలవు దొరికితే తెనాలి వచ్చేదాన్ని. లేదా నిద్రపోయేదాన్ని. తర్వాత్తర్వాత చూద్దామనిపించినా ఒక్కదాన్నే వెళ్లి నిలబడి ఏం చూస్తాను? నవ్వాలన్నా పక్కన మనిషి ఉండాలిగా."

"మరి ఆ కబుర్లన్నీ?" అన్నాను.

"ఆసుపత్రి ఎదురుగా ఒక కొట్టుంది. అక్కడ పోస్టుకార్డులు అమ్ముతారు. వెనక రాసుంటుంది." ఒక్క క్షణం ఆగి, "బ్రిడ్జి మాత్రం చూశానే! ఒకసారి కాన్పు కష్టమై ఒకమ్మాయిని ఇంకో ఆసుపత్రికి అంబులెన్సులో తీసుకెళ్లాం. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నా. వెనకద్దంలోంచి బ్రిడ్జి వెనక్కి వెళ్లిపోతూ కనపడింది. అంతే" అంది.

"గంట?" నా గొంతు నాకే ఏడుపుగొట్టుగా వినపడింది. "ఇరవై ఏళ్లు పిల్లలకి చెప్పాను పిన్నీ, నువ్వా గంటకి లేస్తావని. కొంతమంది పరీక్షలో కూడా రాశారు. నేను మార్కులు కూడా వేశాను."

పిన్ని నా మొహం చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. అంతలో అక్క మొదలుపెట్టింది. నవ్వు. మామూలు నవ్వు కాదు. బెంచీ ఊగేలా, చెరువులో బాతులు పక్కకు జరిగేలా, పైట నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు. "మార్కులు వేసిందట! లేని గంటకి మార్కులు!" అని నా భుజం మీద ఒకటి చరిచింది. పిన్నికి కూడా నవ్వొచ్చింది. ఇక నేను మాత్రం ఏం చేస్తాను? ముగ్గురం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం.

"అయితే ఇక్కడ ముగ్గురం కొత్తవాళ్లమే" అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. "నీకు తెలుసు కదా అని ఇప్పటిదాకా నీ వెనక నడిచాం. ఇక ఎవరి వెనకా నడవక్కర్లేదు. పులిహోర పెట్టు."

పులిహోర తింటుండగా ఎదుటి గట్టున పెద్ద పెద్ద తెల్లని పక్షులు నాలుగు, సంచీల్లాంటి ముక్కులతో, నింపాదిగా నడుస్తూ వచ్చాయి. "ఒసేయ్, గూడబాతులు కదే ఇవి!" అని అక్క లేచి నిలబడింది. "మా వైపు లంకల్లోకి వస్తాయి. వీళ్లకి కూడా వీసా ఇచ్చారా?" ఆ పక్షుల వెంట గట్టున నడుచుకుంటూ పోయాం. చెట్లు దాటగానే ఎదురుగా విశాలమైన రోడ్డు, బంగారు విగ్రహం, ఇనుప గేట్లు. రాజభవనం. మేం కూర్చున్న చోటుకు అయిదు నిమిషాల దూరంలో ఉంది.

పిన్ని గేటు ఊచలు రెండు చేతులతో పట్టుకుని లోపలికి చూసింది. దూరంగా ఎర్రకోటు కాపలావాడు కొయ్యబొమ్మలా నిలబడి ఉన్నాడు. ముప్పై రెండేళ్లుగా ఊరూరా చెప్పిన మనిషిని మొదటిసారి చూస్తోంది. ఏమంటుందా అని ఎదురుచూశాను.

"పాపం, ఇలా నిలబడితే ముప్పై ఏళ్లకే కాళ్ల నరాలు ఉబ్బిపోతాయి" అంది. "మడమలు కదుపుతూ ఉండాలి. ఎవరూ చెప్పరా వీళ్లకి?"

మర్నాటి నుంచి మా తిరుగుడు తీరే మారిపోయింది. నేను టీచర్ని కాబట్టి నోటుబుక్కు తీసి రోజుకొక చోటు చొప్పున రాశాను. అక్క ఆ కాగితం చూసి "ఇది టైంటేబులా? మధ్యలో ఇంటర్వెల్ ఏది?" అంది. అయినా పిన్ని దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. రోజూ పొద్దున్నే మాకంటే ముందు తయారై గుమ్మంలో నిలబడేది. దారి తప్పితే ఇప్పుడు సిగ్గుపడేది కాదు, ఎవరినో ఒకరిని ఆపి అడిగేది. ఆసుపత్రిలో మాట్లాడినట్టే గట్టిగా, సూటిగా అడిగేది. పెద్ద పెద్ద ఆఫీసర్లలా ఉన్నవాళ్లు కూడా ఆగి, చేతులు కట్టుకుని దారి చెప్పేవాళ్లు. గడియారం కిందికి వెళ్లి మధ్యాహ్నం పన్నెండు కొట్టేటప్పుడు గంటలన్నీ నిలబడి విన్నాం. నా కోసమేనట. "ఇవాళ గాలి ఇటే కొడుతోంది" అంది పిన్ని, నా వైపు చూడకుండా.

మ్యూజియం రోజు మాత్రం వేరు. గదుల్లోంచి గదుల్లోకి తిరిగి, కాళ్లు పీకి, ఇక వెళ్లిపోదాం అనుకుంటున్నప్పుడు గాజుగోడ వెనక ఒక గది కనపడింది. లోపల తెల్లని రాతి పలకలు, వరసగా. గుమ్మం పక్కన రాసింది చదివి నేను అక్క చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, అమరావతి."

చిన్నప్పుడు తెనాలి స్కూలు నుంచి ఎక్స్‌కర్షన్‌కు మమ్మల్ని అమరావతి తీసుకెళ్లారు. ఎండలో బస్సు దిగి చూస్తే గడ్డి మొలిచిన దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు. "ఇంతేనా సార్?" అని అక్క అడిగిందనీ, సార్ ఆమెను ఎండలోనే నిలబెట్టారనీ ఇప్పటికీ చెప్పుకుంటాం. మిగతావి ఎక్కడున్నాయో ఆ రోజు మాకెవరూ చెప్పలేదు. చెప్పినా గుర్తు లేదు.

అక్క ఒక్కో పలక దగ్గరా చాలాసేపు నిలబడింది. పొలంలో చేను చూసినట్టు వంగి, పక్కకు జరిగి, మళ్లీ వంగి చూసింది. "ఈ కడియాలు చూడు, మా అత్తగారి కాళ్లకి అచ్చం ఇలాంటివే ఉండేవి" అంది. ఒక పలకలో జనం గుంపులో వెనకనుంచి తొంగిచూస్తున్న ఒక స్త్రీని చూపించి, "దీని మొహం మా వీధిలో ఆవిడ మొహమే. తగువు చూడటానికి వచ్చింది" అంది. పిన్ని ఒక పిల్లాణ్ణి ఎత్తుకున్న తల్లి దగ్గర ఆగి, "బిడ్డను సరిగ్గా పట్టుకుంది. తల కింద చెయ్యి వేసింది చూడు" అంది మెల్లగా.

అక్కడి కాపలా ఉద్యోగి, తల నెరిసిన పెద్దమనిషి, మమ్మల్ని గమనిస్తూనే ఉన్నాడు. దగ్గరకొచ్చి, ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగాడు. నేను ఇంగ్లీషు వాక్యం కూర్చుకునేలోపే అక్క రాళ్లను చూపించి, తనను చూపించుకుని, "మాది అక్కడే బాబూ! ఇవి మావే!" అంది. ఆ మాటకు అనువాదం అక్కర్లేకపోయింది. ఆయన తల వంచాడు. పద్దెనిమిదేళ్లుగా ఈ గదికి కాపలా ఉంటున్నాననీ, ఆ ఊరు పేరు సరిగ్గా ఎలా పలకాలో ఇప్పటికీ తెలియదనీ చెప్పాడు. నేర్పమని అడిగాడు.

"అ-మ-రా-వ-తి" అంది అక్క, ఒకటో క్లాసు పిల్లాడికి చెప్పినట్టు. ఆయన అన్నాడు. "రా సాగదియ్యి." ఆయన సాగదీశాడు. మూడోసారికి బాగా వచ్చింది. అక్క "శభాష్" అని ఆయన వీపు తట్టబోయి, ఏమనుకుంటాడో అని ఆగిపోయింది. ఆయనే చెయ్యి చాచి ముగ్గురితోనూ కరచాలనం చేశాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. "అంత దూరం నుంచి వచ్చి, ఇంత చక్కగా ఉన్నాయి. ఏడవాలో సంతోషించాలో తెలీట్లేదు" అంది అక్క. "టీ తాగుదాం పదండి" అంది పిన్ని. టీ తాగాం.

బ్రిడ్జి మాత్రం పిన్ని కోరిక మీద ఆఖరి వారానికి దాచుకున్నాం. ఏ రోజు, ఏ టైముకు లేస్తుందో ముందే తెలుస్తుందట. నేను వెతికి పట్టుకుని నోటుబుక్కులో రాశాను. ఆ పొద్దున పిన్ని కోటు వేసుకోలేదు. బీరువాలో మడత పెట్టి ఉన్న నీలం పట్టుచీర కట్టుకుని వచ్చింది. "నడిచి దాటతాను. వెనకద్దంలోంచి కాకుండా" అంది.

నడిచాం. ఈ చివరనుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి. కింద నది బురదరంగులో వేగంగా పోతోంది. ఒడ్డున నల్లటి బురద బయటపడి ఉంది. "పాటు మీద ఉంది, నీళ్లు వెనక్కి తీస్తున్నాయి" అంది అక్క వెంటనే. "సముద్రం దగ్గరే అన్నమాట. మా దగ్గర కృష్ణ కూడా ఇంతే." ఇంకో పావుగంట ఉందనగా ఒడ్డున రెయిలింగు దగ్గర చోటు పట్టుకుని నిలబడ్డాం. గంటలు మోగాయి. దీపాలు వెలిగాయి. కార్లు, బస్సులు, సైకిళ్లు అన్నీ ఆగిపోయాయి. రోడ్డు మధ్యలో చీలింది. తెల్లగీతతో సహా రోడ్డు లేచి ఆకాశం వైపు నిలబడింది. పొడుగాటి కొయ్యస్తంభాలున్న ఒక పాతకాలపు తెరచాప పడవ ఆ మధ్యలోంచి నిదానంగా సాగిపోయింది.

"వారధి కట్టకముందు పెనుమూడిలో పడవ కోసం మనుషులం గంటలు గంటలు కూర్చునేవాళ్లం" అంది అక్క. "ఇక్కడ పడవ కోసం బస్సులు కూర్చున్నాయి!"

పిన్ని నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా చూస్తోంది. రోడ్డు మళ్లీ దిగి అతుక్కున్నాక, "నేను చెప్పిందానికంటే బాగుంది" అంది. "తక్కువ చెప్పానే మీకు."

అక్కడే పడవ ఎక్కాం. నది మీద కొంత దూరం పోయి, ఒక కొండ ఉన్న పేటలో దిగాలన్నది ఆ రోజు పాఠం. పడవ కదిలాక నేను ఫొటోలు తీస్తున్నాను. ఎదురు సీట్లో ఆఫ్రికా దేశపు పెద్దావిడ ఒకరు, తలకు పసుపుపచ్చ గుడ్డను పెద్ద పువ్వులా చుట్టుకుని, పిన్నినే చూస్తూ కూర్చుంది. పక్కన ఆమె కూతురు కాబోలు, ఆరడుగుల పిల్ల. ఆ పెద్దావిడ కాసేపు చూసి, ముందుకు వంగి, పిన్ని చీర చూసి, మొహం చూసి, అనుమానంగా అంది:

"ఇంకొంచెం?"

నేను చెవులు రిక్కించాను. తెలుగేనా?

ఆవిడ లేచి నిలబడింది. ఈసారి గొంతెత్తి, "ఇంకొంచెం! ఇంకొంచెం! సిస్టర్, మీరే కదూ?" అంది.

పిన్ని గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆవిడ ఇంగ్లీషులో గడగడా చెబుతూ పోయింది. ఇరవై ఎనిమిదేళ్ల కిందట, ఈ దేశానికి వచ్చిన మొదటి ఏడు, తన అనేవాళ్లు ఎవరూ లేకుండా, పిన్ని పనిచేసిన ఆసుపత్రి కాన్పుల వార్డులో తెల్లవార్లూ నొప్పులు పడిందట. ఒక నర్సు డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్లకుండా ఆమె చెయ్యి వదల్లేదట. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ నర్సు తనకు తెలియని భాషలో ఒక మాట అనేదట. "అర్థమేంటో ఎవరినీ అడగలేదు. కానీ ఆ మాట మర్చిపోలేదు. తర్వాత ఏ కష్టం వచ్చినా నాలో నేను అదే అనుకున్నాను. ఇంకొంచెం, ఇంకొంచెం." కూతుర్ని ముందుకు లాగింది. "చూడు, నిన్ను మొదట ఎత్తుకున్న మనిషి ఈవిడే!"

ఆరడుగుల పిల్ల వంగి, పిన్నిని చుట్టేసుకుంది. పిన్ని తల ఆ పిల్ల భుజం కిందికి వచ్చింది. పడవలో వాళ్లెవరో చప్పట్లు కొట్టారు.

"ఏంటి పిన్నీ, తెలుగులో కాన్పులు చేశావా?" అంది అక్క, ముక్కు ఎగబీలుస్తూనే.

"ఆ టైములో ఇంగ్లీషు ఎక్కడ గుర్తొస్తుందే!" అంది పిన్ని ఆ పిల్ల చేతుల్లోంచి. "ఈ పిల్ల అడ్డం తిరిగింది. భలే ఏడిపించింది."

ఆ మాటకు అర్థం నేను చెప్పాను. ఆవిడ తనలో తాను నాలుగైదుసార్లు అనుకుని, "సరిగ్గా అదే అనుకున్నాను" అంది.

కొండ మీదికి అయిదుగురం కలిసి ఎక్కాం. పైన పచ్చటి గడ్డి, కింద నది మెలికలు, దూరంగా లండన్ అంతా ఎండలో పరుచుకుని ఉంది. పిన్ని ఒక వైపు చూపించి, "ఆ పొగగొట్టాల వెనకే మా ఆసుపత్రి" అంది. ఈసారి ఫోన్లో మ్యాపు చూడలేదు. ఆవిడ సంచీలోంచి వేయించిన అరటిపళ్ల ముక్కలు తీసింది. అక్క పెరుగన్నం డబ్బా, పండుమిరపకాయ పచ్చడి సీసా తీసింది. "జాగ్రత్తమ్మా, మంట" అని చేతులతో, కళ్లతో, నాలుకతో హెచ్చరించింది. ఆవిడ చెంచాతో పచ్చడి తీసుకుని నోట్లో వేసుకుంది. మేం మంచినీళ్ల సీసా మూత తీసి సిద్ధంగా ఉన్నాం. ఆవిడ నమిలింది. మింగింది. ఇంకో చెంచా తీసుకుంది.

"చాలా బాగుంది. దీంట్లో కారంగా ఉండేది ఉందా?" అంది.

అక్క మొహం చూడాలి. గుంటూరు జిల్లా పరువు మొత్తం ఆ గడ్డి మీద పడిపోయినట్టు సీసా వైపు చూసింది. పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రం ఎనిమిదింటికి కూడా ఎండ తగ్గలేదు, మేం కొండ దిగలేదు.

ఆ వారం చివరికి మేం తిరిగి వచ్చేశాం. అక్క అనుకున్నట్టే కాలవలకు నీళ్లు వదిలేలోపు రేపల్లె చేరి, రెండో రోజుకే నారుమడి దగ్గర ఉంది. నేనూ బాపట్ల చేరి మామూలైపోయాను. పిన్ని మాత్రం మామూలుగా లేదు. ఇదివరకు ఆదివారం ఫోన్ చేస్తే గంటసేపు తెనాలి సంగతులు అడిగేది. ఇప్పుడు ఫోన్ ఎత్తడమే గగనం. గురువారం గురువారం ఆ పసుపు తలగుడ్డావిడా, పిన్నీ కలిసి ఊరు తిరుగుతున్నారు. ఒకసారి సముద్రపు ఒడ్డున ఏదో ఊరు వెళ్లి, ఇద్దరూ మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి ఫొటో పంపారు. ఇంకోసారి చలిలో ఐస్‌క్రీములు తింటూ. పోయిన నెల ఆవిడ కూతురికి పెళ్లి కుదిరిందట. పెద్దల వరసలో పిన్ని కూర్చోవాలని పట్టుబట్టారట.

ఈ క్రిస్మస్‌కు పిన్ని తెనాలి వస్తోంది. ఒక్కతే కాదు, ఆవిణ్ణి వెంటబెట్టుకుని వస్తోంది. టికెట్లు తీసుకున్నారు. నాలుగు రోజులు తెనాలి, మూడు రోజులు బాపట్లలో మా ఇల్లు, రెండు రోజులు రేపల్లె అని పిన్ని కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపింది. నా టైంటేబుల్ చూసి నేర్చుకున్నట్టుంది. నిన్న సాయంత్రం అక్క పొలం నుంచి ఫోన్ చేసింది. గట్టు మీదనుంచేమో, చెవికి ఫోన్ అక్కర్లేనంత గొంతు.

"ఆవిడకి చేపలు పడతాయా, రొయ్యలు పడతాయా? ముళ్లున్న చేప తినగలదా? రెండు రోజులే అంటే కుదరదు, నాలుగు రోజులు నా దగ్గర ఉండాలని చెప్పు. పిన్నికి ఫోన్ చేసి కనుక్కో. ఇప్పుడే కనుక్కో."

పిన్నికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. గురువారం కదా, తిరుగుతూ ఉంటారు.